జపాన్, తైవాన్, కొరియా: భాష నేర్చుకోవడానికి ఏ స్కాలర్‌షిప్ మేలు?

పోయిన నెల మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి "బాబాయ్, వాళ్లే డబ్బులిచ్చి పిలిపించుకుని భాష నేర్పిస్తారంట కదా, జపాన్‌కి పెట్టనా, కొరియాకి పెట్టనా?" అని అడిగింది. బీటెక్ అయిపోయింది, కొరియన్ సీరియల్స్ చూసి నాలుగు ముక్కలు వచ్చు, అంతే. "నీకు భాష కావాలా, డిగ్రీ కావాలా?" అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. స్కాలర్‌షిప్ అనగానే అందరూ స్టైపెండ్ ఎంత అని చూస్తారు గానీ అది ఎవరి కోసం పెట్టారో చూడరు.

జపాన్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే కాగితం మీద అన్నిటికంటే బాగుండేది అదే. అక్కడి విద్యాశాఖ మెక్స్ట్ ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో జపనీస్ భాష, సంస్కృతి కోసమే పెట్టింది ఒకటుంది, దాన్ని నిక్కెన్‌సె అంటారు. సుమారు ఏడాది పాటు నెలకు 1,17,000 యెన్‌లు, ఫీజు లేదు, రానుపోను టికెట్ వాళ్లదే. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా. కానీ ఇది మొదలుపెట్టేవాళ్లకు కాదు. మన దేశంలో ఏదో ఒక యూనివర్సిటీలో జపనీస్ ప్రధానంగా డిగ్రీ చదువుతూ ఉండాలి, వెళ్లేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పటికి కూడా అక్కడ విద్యార్థిగానే ఉండాలి. అంటే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) జపనీస్ బీఏ చేస్తున్న పిల్లలకు ఇది సరిగ్గా కొలిచి కుట్టించినట్టు ఉంటుంది, అదీ ఫైనలియర్ అయిపోకముందే పెడితే. రాతపరీక్ష కూడా జపనీస్‌లోనే. వెళ్లొచ్చాక చేతికి డిగ్రీ రాదు, సర్టిఫికెట్ వస్తుంది. బీటెక్ పూర్తయిన మా అమ్మాయికి ఈ తలుపు మూసుకున్నట్టే, ఎంత ఇష్టమున్నా.

కొరియాది జీకేఎస్, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్. దీని గురించి మనవాళ్లలో పెద్ద అపోహ ఒకటుంది, భాష నేర్చుకోవడానికి ఇస్తారని. కాదు, డిగ్రీకిస్తారు, భాష అందులో మొదటి ఏడాది మాత్రమే. ఆ ఏడాదిలో టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో 3వ లెవెల్ తెచ్చుకోకపోతే డిగ్రీలోకి వెళ్లనివ్వరు. 5 లేదా 6 ముందే ఉంటే భాష ఏడాది లేకుండా నేరుగా కోర్సులో చేరతారు. ఇంకో విషయం, భాష నేర్పే యూనివర్సిటీ ఒకటి, డిగ్రీ చదివేది ఇంకొకటి, మొదటిది వాళ్లే కేటాయిస్తారు, కాబట్టి సియోల్ అనుకుని బట్టలు సర్దుకుంటే ఇంకో ఊళ్లో దిగొచ్చు. టికెట్, ఫీజు, స్టైపెండ్, ఇన్సూరెన్స్ అన్నీ వస్తాయి, మాస్టర్స్ అయితే భాషతో కలిపి మూడేళ్లు. మార్కులు 80 శాతం ఉండాలి, పీజీకి 40 ఏళ్లలోపు. ఎంబసీ ద్వారా ఒకటి, నేరుగా యూనివర్సిటీ ద్వారా ఒకటి, రెండు దారులున్నాయి, రెండిట్లోనూ పెడితే మొత్తానికే తీసేస్తారు. మూడేళ్లు ఒక సబ్జెక్ట్ చదవాలన్న కోరిక లేకుండా కేవలం మాట్లాడటం కోసం ఇందులోకి దిగొద్దని నా సలహా, ఎందుకంటే రెండో ఏడాది నుంచి థీసిస్ టెన్షన్ తప్ప భాష మీద ధ్యాస ఉండదు.

తైవాన్ది హువాయూ ఎన్‌రిచ్‌మెంట్ స్కాలర్‌షిప్. చైనీస్ భాష తప్ప ఇంకేమీ అక్కర్లేని మనిషికి ఇది. ఇంటర్ పాసై 18 ఏళ్లు నిండితే చాలు, సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు, మూడు నెలల నుంచి ఏడాది వరకు తీసుకోవచ్చు. చాలా ఏళ్లు నెలకు 25,000 తైవాన్ డాలర్లు ఇచ్చారు. చూడ్డానికి జపాన్ అంతే కనిపిస్తుంది, కానీ ఫీజు అందులోంచే కట్టాలి, టికెట్ మనదే, పని చేసుకోనివ్వరు. సెంటర్‌ను బట్టి మూడు నెలల టర్మ్‌కి 30 వేల డాలర్లు పోతే నెలకు 15 వేలు మిగులుతాయి, అందులో అద్దె కట్టి తినాలి. అందుకే తైపే వద్దు, తైనాన్ లాంటి ఊరు చూసుకో అన్నాను, అక్కడి చెంగ్ కుంగ్ యూనివర్సిటీలోనూ భాషా కేంద్రం ఉంది. క్లాసులు ఎక్కువ ఎగ్గొట్టినా, మార్కులు తగ్గినా స్టైపెండ్ ఆపేస్తారు. తైవాన్‌కు ఇక్కడ ఎంబసీ లేదు, తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ అనే ఆఫీసే అన్నీ చూస్తుంది, చెన్నైలోనూ ఉంది. కొరియాకైతే సర్టిఫికెట్ల మీద అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర) కొట్టించాలి, తైవాన్‌కు అది చెల్లదు, ఈ సెంటర్ ముద్రే కావాలి. కాగితాల పని నెలలు పడుతుంది. నా రోజుల్లో ఒక ట్రాన్స్‌క్రిప్ట్ కోసం కాలేజీ గుమాస్తా దగ్గరికి పదకొండుసార్లు తిరిగాను, గడువు దాటిపోయింది.

మన రాష్ట్రాల విదేశీ విద్యా నిధులు ఇలాంటి భాషా కోర్సులకు అక్కరకు రావు, అవి పీజీ, పీహెచ్‌డీ లాంటి డిగ్రీల కోసం పెట్టినవి.

నేర్చుకోవడం సంగతికొస్తే జపనీస్, కొరియన్ మన నోటికి దగ్గర. క్రియ చివర వస్తుంది, విభక్తులు మాట వెనక వస్తాయి. మనం "తిని చూడు" అంటాం కదా, జపనీస్‌లో "తబెతె మిరు", కొరియన్‌లో "మొగో బొదా", రెండింటిలోనూ తిని చూడటమే! చైనీస్‌లో ఈ వెసులుబాటు లేదు, స్వరం మారితే అర్థం మారుతుంది, పైగా తైవాన్‌లో పాత పద్ధతి అక్షరాలు, గీతలు ఎక్కువ. ఏడాదికి ఒక మోస్తరు మాట్లాడగలరు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

అయినా మా అమ్మాయి తైవాన్‌కే పెడుతోంది, ఆరు నెలలకు. డిగ్రీ వద్దంది, ఇంట్లో టికెట్టుకీ, స్టైపెండ్ చేతికొచ్చేదాకా రెండు నెలల ఖర్చుకీ డబ్బుంది. మా వదిన బెంగ మాత్రం తిండి గురించి. అక్కడ శాకాహార భోజనశాలలు చాలా ఉన్నాయి, బోర్డు మీద "సూషి" అని ఉంటుంది, అది శాకాహారమేనని ఎంత చెప్పినా ఆవిడ జపాన్ వాళ్ల సుషి అనుకుని పచ్చిచేప ఫొటో చూపిస్తోంది, నమ్మటం లేదు.