క్లాస్ అసిస్టెంటా, షాడో టీచరా? వైజాగ్‌లో కొత్తగా చేరేవాళ్లకి ఏది మేలు?

స్కూళ్లు తెరిచే ముందు ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ప్రైవేటు స్కూళ్ల గేట్ల మీద ‘అసిస్టెంట్ టీచర్లు కావలెను’ అని కనిపిస్తుంటుంది. ఈమధ్య ‘మా బాబుకి షాడో టీచర్ కావాలి’ అని, అంటే క్లాసులో ఆ ఒక్క పిల్లవాడి పక్కనే ఉండి సాయపడే మనిషి కావాలని, తల్లిదండ్రుల మెసేజులు కూడా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. డిగ్రీ అయిన అమ్మాయిలూ, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగం చూసుకునే ఆడవాళ్లూ రెండూ ఒకటే అనుకుని ఏది ముందు దొరికితే అందులో చేరిపోతున్నారు. (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు వేరు, అది సబ్జెక్టు టీచర్ ఉద్యోగం. దాని కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.)

నా మాట ముందే చెప్పేస్తాను: మొదటి ఏడాది క్లాస్ అసిస్టెంట్‌గానే చేయండి. ఎందుకో కింద చదవండి, ఒప్పుకోకపోయినా పర్లేదు.

క్లాస్ అసిస్టెంట్ అంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ గదిలో మెయిన్ టీచర్‌తో పాటు ఉండే రెండో మనిషి. జీతం స్కూలు ఇస్తుంది, ఏం చేయాలో మెయిన్ టీచర్ చెబుతుంది. డైరీ రాయడం, హోంవర్క్ దిద్దడం, లంచ్ బాక్సు మూతలు తీసిపెట్టడం, సాయంత్రం బస్సు లైను దగ్గర తలలు లెక్కపెట్టడం, ఇవన్నీ ఎవరైనా చేస్తారు. బాగా చేసేవాళ్లు ఎక్కడ తెలుస్తారంటే, టీచర్ బోర్డు మీద రాస్తున్నప్పుడు వీళ్లు బోర్డు వైపు చూడరు, పెన్సిల్ పట్టుకోవడమే రాక దిక్కులు చూస్తున్న ఇద్దరు ముగ్గురి పక్కన కింద కూర్చుని ఉంటారు. కూర్చుని కూడా వాళ్ల చెయ్యి పట్టుకుని తామే దిద్దేయరు. పుస్తకం నీట్‌గా ఇంటికెళ్తే తల్లి మురిసిపోతుంది కానీ పిల్లాడికి ‘అ’ రాదు కదా, ఈ సంగతి చాలా స్కూళ్లలో మేడమ్‌లకి కూడా చెప్పలేం.

వైజాగ్‌లో ఇంకో సంగతి ఉంది. నేవీ, స్టీల్ ప్లాంట్, రైల్వే వాళ్ల పిల్లలు ఉన్న క్లాసుల్లో తెలుగు, హిందీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి. మొదటి రెండు వారాలు ఏడ్చే పిల్లకి నీళ్లు కావాలో బాత్రూమ్‌కి వెళ్లాలో అర్థం చేసుకోగలిగే అసిస్టెంట్ ఉంటే మెయిన్ టీచర్‌కి సగం టెన్షన్ పోతుంది. కాబట్టి వచ్చీరాని హిందీ అయినా సరే, సిగ్గుపడకుండా వాడేయండి. గేటు దగ్గర ‘మా పాప ఎలా చదువుతోందమ్మా’ అని అడిగితే మాత్రం ‘మేడమ్ గారిని అడగండి’ అని తప్పుకోండి, అక్కడ మీరన్న ఒక్క మాట సాయంత్రానికి పేరెంట్స్ గ్రూపులో ఇంకోలా తేలుతుంది.

ఈ ఉద్యోగంలో పెద్ద చిక్కు ఆయా పని. కొన్నిచోట్ల పేరు అసిస్టెంట్ టీచర్, పొద్దున్నుంచీ చేయించేది ఆయా పని. ఆ పని తక్కువదని కాదు, కానీ మీరు టీచర్ అవ్వాలని వచ్చి ఏడాదంతా పాఠం వినకుండా కారిడార్లో గడిపితే ఏం లాభం? గదిలో ఆయా వేరే ఉందా, లేదా అని ఇంటర్వ్యూలోనే అడిగేయాలి.

ఇక షాడో టీచర్. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) లాంటివి ఉన్న ఒక్క పిల్లవాడి పక్కన మామూలు క్లాసులోనే కూర్చుని వాడికి సాయపడే మనిషి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలని స్కూళ్లకి చెప్పింది. చేర్చుకోవడం వరకు బాగానే ఉంది, గదిలో ముప్పై మందితో ఒక్క టీచర్ ఏం చేయగలదు? అందుకే చాలాచోట్ల తల్లిదండ్రులే జీతమిచ్చి షాడోని పెట్టుకుంటున్నారు.

అసలు తేడా అక్కడే. డబ్బిచ్చేది తల్లిదండ్రులు, క్లాసు టీచర్‌ది, ఏం చేయాలో చెప్పేది పిల్లవాడికి థెరపీ ఇచ్చే థెరపిస్టు. ముగ్గురూ మూడు చెబితే నలిగేది మీరు. తల్లి ‘ఇవాళ నోట్స్ పూర్తి చేయించు’ అంటుంది, థెరపిస్టు ‘రెండు లైన్లు వాడే రాస్తే చాలు’ అంటుంది. పైగా పిల్లవాడి నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ వస్తే ఆ ఇంటితో పాటు మీ ఉద్యోగమూ వెళ్లిపోతుంది, నేవీ కుటుంబాల దగ్గర ఇది మామూలే. వేసవి సెలవుల జీతం సంగతి చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోండి, మొహమాటపడితే మే నెలలో ఇబ్బంది పడేది మీరే.

పని పరంగా చూస్తే మాత్రం షాడో ఉద్యోగం చాలా లోతైనది. అసెంబ్లీలో డ్రమ్ము మోగగానే చెవులు మూసుకునే పిల్లవాణ్ని ముందే పక్కకి తీసుకెళ్లడం, ‘ముందు రాత, తర్వాత ఆట’ అని బొమ్మల కార్డులో చూపించడం, ఒకసారి చెప్పి వాడు తేరుకునేదాకా ఆగడం. ఈ ఆగడం నేర్చుకోవడానికే నెలలు పడుతుంది. గొడవ జరిగిన ప్రతిసారీ దానికి ముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం అని మూడు ముక్కలు రాసిపెడితే థెరపిస్టుకి బోలెడంత ఉపయోగం. మొదట చెయ్యి పట్టి, తర్వాత వేలు చూపించి, తర్వాత మాటతో, ఆ తర్వాత ఏమీ లేకుండా, ఇలా సాయం తగ్గించుకుంటూ పోవాలి. జూలైలో పక్కన వేసుకున్న కుర్చీ జనవరికి వెనక బెంచీ దగ్గరికి వెళ్లిందంటే మీరు బాగా చేసినట్టు. మీరు సెలవు పెడితే పిల్లవాడు స్కూలుకే రాలేకపోతుంటే మాత్రం ఎంత ప్రేమగా చూసినా ఎక్కడో తేడా ఉంది.

ముందు దారి కూడా వేరు. ప్రభుత్వ బడిలో చిన్న తరగతుల టీచర్ కావాలంటే డీఎల్ఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా), టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) కావాలి. బీఈడీ ఉంది కదా అనుకోవద్దు, ప్రాథమిక తరగతులకు అది చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మనకి భీమిలిలోనే డీఎల్ఈడీ చెప్పే ప్రభుత్వ డైట్ కాలేజీ ఉంది. వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సు చేసి రిజిస్టర్ చేయించుకోవాలి. ప్రాథమిక తరగతుల్లో వైకల్యం ఉన్న పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన పెట్టింది కాబట్టి ఆ చదువుకి గిరాకీ ఉంటుంది. కానీ షాడోగా ఎన్నేళ్లు చేసినా ఆ కోర్సు లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్ అవ్వరు.

క్లాసులో ఏడాది ఉంటే మామూలు పిల్లలు ఏ వయసులో ఏం చేస్తారో కళ్లతో చూస్తారు, అది తెలియకుండా షాడోగా వెళితే ఏది వయసు అల్లరో ఏది సాయం కావాల్సిన విషయమో తేల్చుకోలేరు. అయినా షాడోగానే మొదలుపెట్టాలనుకుంటే, వారానికి ఒక్కసారైనా థెరపిస్టు మీతో నేరుగా మాట్లాడతారా అని కనుక్కోండి. లేదంటే జీతం కాస్త ఎక్కువ వచ్చినా ఒప్పుకోకండి.