సూపరింటెండెంట్‌ను ఎన్నుకోవాలా, నియమించుకోవాలా?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 67 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉన్నాయి, ప్రతిదీ ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ప్రభుత్వ బడుల్ని నడిపే విభాగం. చిన్న కౌంటీల్లో ఎక్కువగా ఓటర్లే ఆ బడుల ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంట్‌ను 4 ఏళ్లకు ఎన్నుకుంటారు. పొద్దున్నే బడి బస్సు రాకపోతే ఎవరిని నిలదీయాలో ఊరందరికీ తెలుసు, అది పెద్ద బలమే. చిక్కల్లా, అభ్యర్థి ఆ కౌంటీవాసే అయి ఉండాలి. కొన్ని వేలమంది ఉన్నచోట బడ్జెట్ లెక్కలూ, సిబ్బంది నియామకాలూ ఔపోసన పట్టినవాళ్లు ఎందరు దొరుకుతారు? పైగా పని చెడినా తీసేసే అధికారం డిస్ట్రిక్ట్‌ పాలక మండలి అయిన స్కూల్ బోర్డుకు లేదు. సస్పెండ్ చేసే అధికారం గవర్నర్‌ది.

నియామకమైతే బోర్డు ఎక్కడివారినైనా వెతికి ఒప్పందం రాసుకోవచ్చు. తొలగింపు షరతులు స్పష్టంగా రాసుకుంటే చిన్న కౌంటీకి ఇదే మేలు. అయితే ఈ పద్ధతికి మారాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. టీచర్ల పేర్లు సిఫారసు చేసేది మాత్రం రెండు పద్ధతుల్లోనూ సూపరింటెండెంటే. సరైన కారణం చూపితేనే బోర్డు కాదనగలదు.