ఉప్పునీటి చేపకు కన్ను ఉబ్బితే: భేది ఉప్పా, యాంటీబయాటిక్కా, మంచినీటి స్నానమా?

టాంగ్ చేపకో క్లౌన్ చేపకో కన్ను ఉబ్బినా, తెల్లబడినా చాలామంది చెయ్యి ముందు మందు డబ్బా మీదకే పోతుంది. కానీ కంటి జబ్బులో ఏ మందు మేలో తేలేది ఒక ప్రశ్నతో: చెడింది ఒక కన్నా, రెండు కళ్లా? ఇది చూడకుండా మందు వేస్తే డబ్బుతో పాటు చేప ఓపిక కూడా కరిగిపోతుంది.

గదిలో లైట్లు తీసేసి, టార్చి వెలుగు చేప మీద పక్కనుంచి పడేలా పట్టుకోండి. ఒకసారి పైనుంచి కూడా చూడండి. కనుగుడ్డు బయటికి తోసుకొచ్చి కనిపిస్తే అది పాప్‌ఐ. గుడ్డు తన చోటే ఉండి, మీద పాలమీగడ లాంటి పొర కమ్మితే దెబ్బ సోకింది కంటి మీది పారదర్శక పొరకి, అంటే కార్నియాకి. పైభాగం అద్దంలా మెరుస్తూ, తెలుపు లోపల నల్లగుడ్డు మధ్యలో ఉంటే అది కటకానికి (కంటి లెన్స్‌కి) పట్టిన శుక్లం. దానికి ఏ మందూ పనిచేయదు, చేపని హింసపెట్టొద్దు. కంట్లో గాజుపూసల్లాంటి బుడగలు కనిపిస్తే మాత్రం చేపకన్నా ముందు పంపుని చూడాలి. నీరు లాక్కునే వైపు పైపు వదులై గాలి పీల్చుకుంటుంటే, ఆ గాలి ఒత్తిడికి నీళ్లలో అవసరానికి మించి కరుగుతుంది. ఆ లీకు మూసేదాకా ఎన్ని మందులు వేసినా బుడగలు తిరిగొస్తాయి.

ఒక్క కన్నే ఉబ్బితే అది ఎక్కువగా దెబ్బే. రాయికి కొట్టుకుని ఉండొచ్చు, వేరే చేప పొడిచి ఉండొచ్చు, వలలో చిక్కినప్పుడు గీసుకుని ఉండొచ్చు. ఇక్కడ అన్నిటికన్నా మేలైన మందు శుభ్రమైన నీరు. అమ్మోనియా సున్నా ఉండాలి, ఉప్పు సాంద్రత 1.025 దగ్గర నిలవాలి, వారానికి రెండుసార్లు ఐదో వంతు నీరు మార్చాలి, లైటు తగ్గించాలి. చేప తింటున్నంతకాలం దాన్ని పట్టే ప్రయత్నమే వద్దు. పట్టడంలో తగిలే రెండో దెబ్బ మొదటిదానికన్నా చెడ్డది. పొర వారం పది రోజుల్లో పల్చబడుతుంది, ఉబ్బు తీయడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. పొడిచే చేప అదే ట్యాంకులో ఉంటే దాన్ని వేరుచేయండి, దెబ్బతిన్నదాన్ని కాదు.

ఇక భేది ఉప్పు, అంటే ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేటు). మంచినీటి చేపల వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన అలవాటు ఇది. అందరూ చెప్పే మోతాదు 20 లీటర్లకు ఒక టేబుల్‌స్పూను, అంటే సుమారు 15 గ్రాములు. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. భేది ఉప్పులో మెగ్నీషియం పదో వంతు కూడా ఉండదు. 40 లీటర్లకు 30 గ్రాములు వేస్తే లీటరుకు పెరిగేది 75 మిల్లీగ్రాముల లోపే. సముద్రపు నీటిలో అప్పటికే లీటరుకు 1300 దాకా మెగ్నీషియం ఉంటుంది. మంచినీటి ట్యాంకులో ఇదే చిటికెడు పెద్ద మార్పు, ఉప్పునీటిలో ఆరు శాతం కూడా కాదు. అందుకని దీన్ని ఉబ్బు తీయడానికి తోడుగా వాడొచ్చు గానీ, దీని మీదే భారం వేసి కూర్చోకూడదు. ఇన్ఫెక్షన్‌ని ఇది తాకనైనా తాకదు. వేసేటప్పుడు మగ్గుడు ట్యాంకు నీటిలో పూర్తిగా కరిగించి, పావుగంటలో కొంచెం కొంచెంగా పోయండి. నీరు మార్చినప్పుడు మార్చినంత నీటికి సరిపడా మాత్రమే మళ్లీ కలపండి. మెడికల్ షాపులో దొరికేదే తెచ్చుకోండి. మిరప, పత్తి చేలకి బస్తాల్లో అమ్మే మెగ్నీషియం సల్ఫేటు ఎరువు ట్యాంకులో వేసేంత శుద్ధమైనది కాదు.

రెండు కళ్లూ ఉబ్బి, చేప తిండి మానేసి, ఒంటి మీద ఎర్ర మచ్చలో పుండ్లో కూడా కనిపిస్తే రోగం రక్తంలోకి చేరిందన్నమాట. ఇక్కడ ఎదురుచూడటమే తప్పు. యాంటీబయాటిక్ తప్పనిసరి, అదీ జబ్బు చేపని విడిగా ఉంచే హాస్పిటల్ ట్యాంకులోనే. 40 నుంచి 60 లీటర్ల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టరు, ఎయిర్ పంపు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క చాలు. నీటిని వడగట్టే కార్బన్, నురగతో మలినాలు తీసే స్కిమ్మర్ ఉండకూడదు. పెద్ద ట్యాంకులో వేస్తే సగం మందు కార్బన్ లాగేసుకుంటుంది, మిగతా సగం రాళ్లలోని మంచి బ్యాక్టీరియా మీద పడుతుంది.

మందు ఎంపికలోనే ఎక్కువమంది పొరబడతారు. బ్యాక్టీరియాలో గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని రెండు పెద్ద రకాలు. సముద్రపు చేపలకు సోకేవి ఎక్కువగా విబ్రియో లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా. ఎరిత్రోమైసిన్ గ్రామ్ పాజిటివ్ మీదే బాగా పనిచేస్తుంది. టెట్రాసైక్లిన్ రకాలు ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసిపోయి చాలావరకు నిర్వీర్యమవుతాయి. కనామైసిన్ మేలు. ఆ మందే ఉండే కనాప్లెక్స్ అయితే 20 లీటర్లకు ఒక కొలత చెంచా, రెండు రోజులకోసారి, మొత్తం మూడు మోతాదులు. కిడ్నీల మీద భారం పడే మందు కనుక బాగుపడలేదని ఇష్టం వచ్చినట్టు పొడిగించొద్దు. ప్రతి మోతాదుకి ముందు పావు వంతు నీరు మార్చి, అమ్మోనియా రోజూ చూడాలి. మందు దెబ్బకి ఫిల్టరు బ్యాక్టీరియా కూడా చచ్చి అమ్మోనియా లేస్తే, ఆ అమ్మోనియాయే కళ్లని మళ్లీ కాలుస్తుంది. అప్పుడు మందు పనిచేయలేదనుకుని మోతాదు పెంచేవాళ్లున్నారు. చేప ప్రాణం పోయేది అక్కడే. మరో మాట: రొయ్యల చెరువులకని ఆక్వా షాపుల్లో అమ్మే బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్), అయోడిన్ ద్రావణాలు చెరువు నీటిని శుద్ధిచేయడానికి, కంటి వైద్యానికి కాదు.

రెండు కళ్లూ ఉబ్బకుండా మసకబారి, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే పరాన్నజీవులని అనుమానించాలి. నియోబెనెడెనియా అనే ఫ్లూక్‌లకి (చదునైన చిన్న పురుగులకి) కళ్లంటే మహా ఇష్టం, ఒంటి మీద ఉన్నంతకాలం అద్దంలా పారదర్శకంగా ఉండి కంటికి ఆనవు. వీటికి మంచినీటి స్నానమే మేలు, ఎందుకంటే ఇది వైద్యమూ పరీక్షా రెండూ. నల్లటి టబ్బులో 10 లీటర్ల ఆర్వో నీరు పోసి, అర టీస్పూను వంటసోడా కలిపి, అరగంట గాలి కొట్టించండి. పీహెచ్, వేడి ట్యాంకుతో సరిపోయాకే చేపని దించాలి. అయిదు నిమిషాలు చాలు. మొదట్లో పక్కకి ఒరిగినా భయపడొద్దు, ఊపిరి ఎగబోస్తుంటే మాత్రం వెంటనే తీసేయండి. ఫ్లూక్‌లుంటే తెల్లగా మారి, నల్లటి అడుగున నువ్వుగింజల్లా రాలతాయి. ఒక్కటి కనిపించినా రోగం తేలినట్టే.

స్నానంతో అవి రాలతాయే గానీ ట్యాంకులో అంటుకున్న గుడ్లు చావవు. అందుకని లీటరుకు 2.5 మి.గ్రా. చొప్పున ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు, అంటే 50 లీటర్లకు 125 మి.గ్రా., వేసి, గుడ్లు పిల్లలయ్యేసరికి, ఆరేడు రోజులకి, మరో మోతాదు వేయాలి. ఆ మందు వేసినప్పుడు బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ పడిపోవచ్చు, కాబట్టి రాత్రంతా ఎయిర్ పంపు ఆపకూడదు.

ఏ దారి పట్టినా చేపని వలతో పట్టొద్దు. టాంగ్ ముల్లు వలలో ఇరుక్కుంటుంది, కన్ను గీసుకుపోతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలి, నీటితో సహా ఎత్తండి. ఉబ్బిన కంట్లో గాలి ఉందని సూదితో పొడిచే పని ఎన్నడూ చేయొద్దు. కన్ను పూర్తిగా పోయినా గుంట మానిపోతుంది. ఆ చేపకి చూపున్న వైపు నుంచే, పిపెట్‌తో, మిగతావాటి కన్నా ముందు తిండి వేయండి.