పిల్లల బొమ్మలకు పచ్చి ఉప్పుముద్ద మేలా, ఉడికించిన ముద్ద మేలా?

పిల్లల చేత ఇంట్లో బొమ్మలు చేయించాలంటే రెండు గ్లాసుల మైదాలో ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, ముప్పావు గ్లాసుకు అటూఇటూగా నీళ్లు పోసి గట్టిగా పిసికితే చాలని ఎక్కువమంది చెబుతారు. పొయ్యి వెలిగించే పని లేదు, కలపడం కూడా పిల్లలే చేయగలరు, పూర్తిగా ఆరిన బొమ్మకు రంగులు వేసి సంక్రాంతి బొమ్మల కొలువులో నిలబెట్టుకోవచ్చు. అయినా అమలాపురం, నరసాపురం, భీమవరం ప్రాంతాల ఇళ్లకు ఈ పద్ధతిని ఏడాది పొడవునా సూచించడం సరికాదని నా అభిప్రాయం.

అందుకు కారణం ఉప్పే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరగడం మొదలవుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమ్మగిల్లేది అందువల్లనే. పొడి సరుకులో మూడో వంతు ఉప్పే ఉన్న బొమ్మ, సముద్రపు గాలీ, కాలువలూ, నీరు నిలిచిన వరిచేలూ, చేపల చెరువులూ ఉన్న మన డెల్టాలో ముసురు రోజుల్లో ఆరదు. పైపొర ఎండినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండి, ఏనుగు తొండం మరునాటికి వాలిపోతుంది. అటువంటి బొమ్మకు వార్నిష్ పూసినా ప్రయోజనం లేదు, తేమ లోపలే చిక్కుకుంటుంది. అదే బొమ్మను ధనుర్మాసంలో, సెంటీమీటరుకు మించని మందంతో చేసి, రెండు వైపులా తిప్పుతూ ఎండబెడితే చక్కగా నిలుస్తుంది.

ఉడికించిన ముద్దకు ఒక గ్లాసు మైదా, అర గ్లాసు ఉప్పు, ఒక గ్లాసు నీళ్లు, చెంచాడు నూనె, కొద్దిగా నిమ్మరసం కావాలి. సన్నని సెగ మీద గిన్నె అంచులు వదిలేదాకా కలపడం పెద్దవాళ్ల పని; చల్లారాకే పిల్లలకు ఇవ్వాలి. వేడికి మైదాలోని పిండిపదార్థం ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ముద్ద మృదువుగా ఉంటుంది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు పనికివస్తుంది. దీనితో కలకాలం నిలిచే బొమ్మ రాదు. అయితే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బొమ్మ నిలవడం కంటే చేసి, చెరిపి, మళ్లీ చేయడమే ముఖ్యం కాబట్టి వారికి నేను దీనినే ఎంచుకుంటాను. రంగుకు పసుపు, బీట్‌రూట్ రసం చాలు.

మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ రెండూ వద్దు. వారు ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటారు, ఇంత ఉప్పు కడుపులోకి వెళితే ప్రమాదం. పాలతాలికలకు చేసినట్టే మరిగే నీళ్లలో ఉప్పు లేకుండా బియ్యప్పిండి కలియబెట్టి, చేతికి నూనె రాసి ఇస్తే సరిపోతుంది. గోధుమ పడని పిల్లలకు కూడా ఇదే తగినది. త్వరగా పగుళ్లు వస్తాయి, ఆ పూటకే పనికివస్తుంది.

వానాకాలంలోనే నిలిచే బొమ్మ కావాలని పట్టుబట్టే పెద్ద పిల్లలకు ఏ పిండీ చాలదు. రాళ్లు ఏరిన ఒండ్రుమట్టి ఇచ్చి, బొమ్మను నీడన నెమ్మదిగా ఆరనివ్వాలి. కాలువగట్టుకు వెళ్లి ఆ మట్టి తెచ్చే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి.