నవంబర్ 9, అక్టోబర్ 3: జర్మనీకి జాతీయ దినంగా ఏది మేలు?

'చరిత్రలో ఈ రోజు' వంటి శీర్షికలను క్రమం తప్పకుండా చదివేవారికి నవంబర్ 9 దగ్గర కొంత ఇబ్బంది కలుగుతుంది. 1938లో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టిన సంగతీ, 1989లో బెర్లిన్ గోడ తెరుచుకున్న సంగతీ అక్కడ ఒకదాని కింద ఒకటి, ఒకే కొలతలో రెండు వాక్యాలుగా కనబడతాయి. జర్మన్లు ఈ తేదీని 'విధి దినం' అని పిలుచుకుంటారు గాని, జాతీయ దినంగా జరుపుకునేది అక్టోబర్ 3. గోడ తెరుచుకున్న రాత్రిని పక్కనబెట్టి, తూర్పు, పశ్చిమ జర్మనీలు 1990లో చట్టరీత్యా ఒకటైన తేదీని ఎంచుకోవడం సరైనదేనా అన్న చర్చ ఆ దేశంలో ఇప్పటికీ అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంటుంది.

ముందుగా నవంబర్ 9 వాదనను పరిశీలిద్దాం. 1918లో ఆ రోజు మధ్యాహ్నం ప్రధాని మాక్స్ ఫాన్ బాడెన్, చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ సింహాసనాన్ని వదులుకున్నట్టు ఆయన అంగీకారం కోసం ఎదురుచూడకుండానే ప్రకటించాడు. సుమారు రెండు గంటలకు సోషల్ డెమొక్రాట్ నాయకుడు ఫిలిప్ షైడెమన్ పార్లమెంటు భవనం నుంచి గణతంత్రాన్ని ప్రకటించగా, మరో రెండు గంటలకు వామపక్ష విప్లవ నాయకుడు కార్ల్ లీబ్‌క్నెష్ట్ రాజప్రాసాదం వద్ద సోషలిస్టు గణతంత్రాన్ని ప్రకటించాడు. ఒకే నగరంలో, ఒకే సాయంత్రం లోపల రెండు గణతంత్రాలు పుట్టాయన్నమాట. రాచరికం పోయి ప్రజాపాలన వచ్చిన రోజు కనుక, ఇదొక్కటే జరిగి ఉంటే ఆ తేదీ పండుగగా నిలిచేదే.

అయితే ఆ గణతంత్రాన్ని ద్వేషించినవారు దాన్ని స్థాపించినవారికి 'నవంబర్ నేరస్థులు' అని పేరు పెట్టారు. 1923 నవంబర్ 8 రాత్రి మ్యూనిక్‌లోని ఒక బీరుశాలలో హిట్లర్ మొదలుపెట్టిన తిరుగుబాటు మర్నాడు, అంటే 9వ తేదీన, నగర నడిబొడ్డున పోలీసు కాల్పులతో ముగిసింది. నలుగురు పోలీసులతో పాటు హిట్లర్ పక్షాన పదహారు మంది చనిపోయారు. నాజీలు అధికారానికి వచ్చాక ఆ పదహారుగురినీ అమరవీరులుగా నిలబెట్టి, ఏటా అదే తేదీకి మ్యూనిక్‌లో చేరేవారు.

1938ని అర్థం చేసుకోవాలంటే ఈ వార్షికోత్సవం గురించి తెలిసి ఉండాలి. పారిస్‌లో నవంబర్ 7న ఒక యూదు యువకుడి కాల్పులకు గురైన జర్మన్ దౌత్యాధికారి ఎర్న్‌స్ట్ ఫామ్ రాట్ 9వ తేదీన మరణించగా, ఆ వార్త చేరే సమయానికి నాజీ నాయకత్వమంతా మ్యూనిక్ పాత పురభవనంలో విందులో కూర్చుని ఉంది. ప్రచార మంత్రి గోబెల్స్ లేచి రెచ్చగొట్టే ప్రసంగం చేశాడు. ప్రాంతీయ నాయకులు అక్కడి నుంచే తమ తమ ఊళ్లకు టెలిఫోన్లు చేశారు. ఆ రాత్రి, మర్నాడు కలిపి సుమారు 7,500 యూదు దుకాణాలు ధ్వంసమయ్యాయి, వందలాది ప్రార్థనా మందిరాలు కాలిపోయాయి, దాదాపు 30,000 మంది యూదు పురుషులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. పైగా జరిగిన నష్టానికి పరిహారమంటూ యూదుల మీదనే నూరు కోట్ల మార్కుల జరిమానా విధించారు. 1918, 1923, 1938 సంవత్సరాలు ఒకే తేదీ వద్ద కలవడాన్ని కాకతాళీయమని తోసిపుచ్చలేము. మొదటిదాని మీది పగ రెండోదానికి ఊపిరి పోసింది, రెండోదాని ఉత్సవం మూడోదానికి వేదికైంది.

1989 సంగతి పూర్తిగా వేరు. తూర్పు జర్మనీ ప్రభుత్వం తయారుచేసిన కొత్త ప్రయాణ నిబంధనలు నవంబర్ 10 తెల్లవారుజామున వెలువడవలసినవి. ఆ వివరం తెలియని పాలక పార్టీ ప్రతినిధి గుంటర్ షబోవ్‌స్కీ 9వ తేదీ సాయంత్రం విలేకరుల సమావేశంలో చేతిలోని కాగితాన్ని చదివి, ఎప్పటి నుంచి అన్న ప్రశ్నకు తడబడుతూ 'వెంటనే' అన్నాడు. వేలాది మంది సరిహద్దు ద్వారాల వద్దకు చేరారు. బోర్న్‌హోల్మర్ వీధి ద్వారం వద్ద పై నుంచి స్పష్టమైన ఆదేశం రాక, జనం ఒత్తిడికి నిలవలేక, అధికారి హరాల్డ్ యేగర్ రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ద్వారం తెరిపించాడు. షబోవ్‌స్కీ ఆ కాగితం గురించి ముందుగా విచారించి ఉంటే గోడ 10వ తేదీన తెరుచుకునేదేమో, అప్పుడు ఈ చర్చకే తావుండేది కాదు. నవంబర్ 9ని పండుగగా చేయాలనేవారు ఈ సంగతిని కొంచెం తేలికగా తీసుకుంటారని నాకనిపిస్తుంది: వారు పండుగ కోరుతున్న సంఘటన ఆ తేదీకి పొరపాటున చేరింది, వారు దాటేయాలనుకునే సంఘటనలు మాత్రం ఆ తేదీలోనే వేళ్లూనుకుని ఉన్నాయి.

ఇక అక్టోబర్ 3. దీనికి ముహూర్తం పెట్టినవి పూర్తిగా దౌత్య అవసరాలు. రెండు జర్మనీలు, రెండో ప్రపంచ యుద్ధపు నాలుగు విజేత దేశాలు 1990 సెప్టెంబర్ 12న మాస్కోలో విలీనానికి దారితీసే ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ఫలితాన్ని అక్టోబర్ మొదట్లో న్యూయార్క్‌లో సమావేశమయ్యే ఐరోపా దేశాల విదేశాంగ మంత్రులకు తెలియజేయాలి. ఆపైన, తూర్పు జర్మనీ 41వ స్థాపక దినమైన అక్టోబర్ 7 రాకముందే విలీనం పూర్తికావాలి. ఈ లెక్కలన్నీ చూసుకుని తూర్పు జర్మనీ పార్లమెంటు ఆగస్టు 23 వేకువన 294 ఓట్లతో అక్టోబర్ 3ను ఖాయం చేసింది. 62 మంది వ్యతిరేకించారు, ఏడుగురు తటస్థంగా ఉన్నారు. ఆ తేదీతో ముడిపడిన వీధి దృశ్యం గాని, ప్రాణాలకు తెగించిన సాహసం గాని లేకపోవడం దాని లోపమని విమర్శకులంటారు. నిజమే, పార్లమెంటు వోటింగును తలుచుకుని ఎవరికీ కళ్లు చెమర్చవు.

జూన్ 17ను మళ్లీ తేవచ్చు కదా అనేవారూ లేకపోలేదు. 1953లో తూర్పు జర్మనీ కార్మికుల తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేసిన ఆ రోజును పశ్చిమ జర్మనీ 1990 వరకు ఐక్యతా దినం పేరిట సెలవుదినంగా పాటించింది. కాని ఐక్యత సిద్ధించిన తరువాత, అది దక్కని రోజును ఐక్యతా దినంగా కొనసాగించడం పొసగదు.

పండుగకు అక్టోబర్ 3యే మేలని నా అభిప్రాయం. దాని బోసితనమే దాని యోగ్యత. ఆ రోజున ఎవరైనా నిస్సంకోచంగా సంతోషించవచ్చు. నవంబర్ 9న బాణసంచా కాల్చితే, అదే రాత్రి మంటల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవారి పిల్లలకు ఏ సంజాయిషీ ఇవ్వగలం? స్మరణకు మాత్రం నవంబర్ 9ని మించినది లేదు, దానికి సెలవు ప్రకటించవలసిన పనీ లేదు. 2018లో ఆ తేదీన దేశాధ్యక్షుడు స్టైన్‌మయర్ పార్లమెంటులో గణతంత్ర శతవార్షికోత్సవం గురించి ప్రసంగించగా, ప్రధాని మెర్కెల్ బెర్లిన్‌లోని యూదు ప్రార్థనా మందిరంలో మాట్లాడారు. రెండు సభలూ ఒకే రోజున, దేనికదిగా జరిగాయి.

అక్టోబర్ 3 మీద ప్రజలకు మమకారం లేదనుకున్నవారిలో ప్రభుత్వమూ ఒకటి. 2004లో అప్పటి ప్రధాని ష్రోడర్ మంత్రివర్గం ఒక పనిదినం కలిసివస్తుందన్న ఆశతో ఐక్యతా దినాన్ని అక్టోబర్ మొదటి ఆదివారానికి మార్చాలని ప్రతిపాదించింది. ఆ లెక్కన 2007లో ఐక్యతా దినం సరిగ్గా అక్టోబర్ 7న, ఏ తేదీని తప్పించడానికి 1990లో అంత తొందరపడ్డారో ఆ తేదీనే వచ్చేది. అన్ని వైపుల నుంచీ నిరసనలు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ ప్రతిపాదనను విరమించుకున్నారు.