పందిరికి కాదండీ, దూకడానికి

కొత్తపేట నుంచి రావులపాలెం వచ్చే దారిలో కాలవ గట్టున ఒక వెదురు డిపో ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎండకి ఎగిరిపోయి ఏళ్లయింది. పందిరి గుంజలకీ, నిచ్చెనలకీ, దోటిలకీ, కోళ్ల షెడ్డు వాసాలకీ అందరూ అక్కడికే వెళ్తారు. నేను వెళ్లింది పోల్ వాల్ట్ గెడ కోసం, అంటే పొడవాటి గెడ గుచ్చి, దాని ఊతంతో ఎత్తున పెట్టిన బద్ద దాటే ఆటకి. అందుకే ఈ రివ్యూ కొంచెం తేడాగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ముప్పై రెండేళ్లు హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా మనవడికి పదమూడేళ్లు. 2025 సెప్టెంబరులో టోక్యోలో స్వీడన్ తరఫున దూకే డుప్లాంటిస్ 6.30 మీటర్లు దాటిన వీడియో చూసినప్పట్నుంచి వాడికి ఆ పిచ్చి పట్టింది. పెరట్లో ఏ కర్ర దొరికితే దాన్ని పట్టుకుని పంట బోదె దూకేస్తున్నాడు. రెండుసార్లు బురదలో పడ్డాడు. మూడోసారి మా ఆవిడ బట్టలారేసే గెడ విరిగింది. ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను.

ముందు టౌన్లో ఒక స్పోర్ట్స్ షాపుకి వెళ్లాను. "పోల్ అంటే జెండా కర్రా సార్?" అన్నాడు కుర్రాడు. ఇంకో షాపుకి ఫోన్ చేస్తే ఫైబర్ గెడ ఆర్డర్ మీద తెప్పించాలన్నారు, చెప్పిన ధరకి పాత స్కూటర్ వస్తుంది. అది కూడా సరే అనుకునేవాణ్ణేమో, కానీ వాళ్లు నన్నడిగింది ఒక్కటే ప్రశ్న: ఎన్ని అడుగులది కావాలి? దూకేవాడి గురించి ఒక్క ముక్క అడగలేదు. గెడ అమ్మే పద్ధతి అది కాదు.

డిపో ఆయనకి యాభై దాటి ఉంటాయి. బనీను, భుజాన తువ్వాలు, చెవి మీద పెన్సిలు.

"దేనికండీ మాస్టారూ, పందిరికా?"

"పందిరికి కాదండీ, దూకడానికి."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత నా మోకాళ్ల వంక చూశాడు. "మీరేనాండీ?"

మనవడని చెప్పాను. ఆయన నవ్వలేదు. "అబ్బాయి బరువెంతండీ?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అక్కడే సగం స్టార్లు ఇచ్చేశాను. ఇప్పటి ఫైబర్ గెడల మీద పొడవుతో పాటు ఎంత బరువు మనిషికో కూడా ముద్రిస్తారు. తేలిక మనిషి చేతికి బిరుసు గెడ ఇస్తే అది వంగదు, వెనక్కి తోసేస్తుంది. బరువైన మనిషి చేతికి మెత్తటిది ఇస్తే విరుగుతుంది. ఈ సంగతి ఈయనకి ఎలా తెలుసా అనుకున్నాను. పడవవాళ్లకి గెడలిచ్చీ ఇచ్చీ తెలిసిందట. "మనిషిని చూడకుండా గెడ ఇస్తే రేపొచ్చి తిడతారండీ" అన్నాడు.

ముప్పై ఎనిమిది కేజీలని చెప్పాను. కట్ట విప్పి ఒక్కో బొంగూ తీశాడు. ఆయన ఏరిన తీరు చూడాలి. మొదలు నేలకి ఆనించి, కొస కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి వంపు చూస్తాడు. తర్వాత కణుపు కణుపుకీ వేలి ముడితో కొడతాడు. మంచి కణుపు టంగుమంటుంది, పగులున్నది బొదబొదమంటుంది. నన్ను కూడా కొట్టి చూడమన్నాడు. నాలుగోదానికి తేడా నాకూ తెలిసింది. చివరగా నేలకేసి ఒక్కసారి దులిపాడు. సన్నటి పసుప్పచ్చ పొడి రాలితే పుచ్చు పట్టినట్టు, అది పక్కకి. పదకొండు బొంగుల్లో మూడు తేలాయి. అన్నీ లోపల దాదాపు గుల్ల లేని గట్టి రకం, మారేడుమిల్లి వైపు సరుకు. అమావాస్యకి నరికిన బొంగుకి పుచ్చు పట్టదని కూడా చెప్పాడు. ఆ మాట నేను నమ్మను గానీ బొంగులు మాత్రం బాగున్నాయి.

ఒకదానికి కొస దగ్గర చిన్న వంపు ఉంటే అక్కడే కొబ్బరి డొక్కల మంట మీద కాచి, చెట్టు చీలికలో దూర్చి, తడిగుడ్డ వేసి సరిచేశాడు. బొంగుల మొదలు వైపు చెక్క బిరడా కొట్టించి, దాని మీద సైకిల్ ట్యూబు చుట్టి ఇచ్చాడు. కణుపుల మధ్య గుడ్డ టేపు మాత్రం నేను చుట్టుకున్నాను. బొంగు చీలినా పేళ్లు లేవకుండా అది ఆపుతుంది. ఒక్కోటి 220 చొప్పున మూడింటికి 660 అయింది. బిరడాలకి డబ్బులు తీసుకోలేదు.

బొంగుతో పోల్ వాల్టేమిటి, ఈ కాలంలో, అని అడుగుతారు. 1940లో కార్నీలియస్ వార్మర్‌డామ్ అనే అమెరికా ఆయన ప్రపంచంలో మొదటిసారి 15 అడుగులు దాటింది వెదురు గెడతోనే. 1942లో 4.77 మీటర్లు దూకాడు. ఆ రికార్డు 15 ఏళ్లు కదల్లేదు. నేను దూకింది కూడా బొంగుతోనే, కాకినాడ మీట్‌లో మూడు మీటర్లు. గొప్పేమీ కాదు, మూడో స్థానం. ముగ్గురమే దూకాం.

మా రోజుల్లో మాకు దేవుడంటే సెర్గీ బుబ్కా. 1983లో హెల్సింకిలో పంతొమ్మిదేళ్ల కుర్రాడు 5.70 దూకి ప్రపంచ చాంపియన్ అయ్యాడని పేపర్లో చిన్న వార్త వస్తే కత్తిరించి దాచుకున్నాను. 1985లో పారిస్‌లో ఆరు మీటర్లు, అంతకుముందు ఎవరూ దాటని ఎత్తు. ఆరుసార్లు వరసగా ప్రపంచ చాంపియన్. మొత్తం 35 ప్రపంచ రికార్డులు. ఆరుబయట 5.85 నుంచి 6.14 దాకా, అంటే 29 సెంటీమీటర్లు పెంచడానికి పదిహేడు రికార్డులు పెట్టాడు! మా కొట్టు సెట్టిగారు చిల్లర లెక్కపెట్టినట్టు సెంటీమీటరు, సెంటీమీటరు. రికార్డుకో బోనస్ ఉండేది మరి, నేను తప్పు పట్టను. అంతటివాడికీ ఒలింపిక్స్‌లో దక్కింది ఒక్క బంగారమే, 1988లో సియోల్‌లో. 1992 బార్సిలోనాలో ఒక్క ఎత్తూ దాటలేకపోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆయన గొప్పతనం గెడలో ఉంది, అందుకే ఈ సంగతంతా చెబుతున్నాను. అంత పొడవైన, అంత బిరుసైన గెడని మిగతావాళ్లు పట్టే చోటుకి పైన పట్టుకుని, స్ప్రింటర్ వేగంతో వచ్చి గుచ్చేవాడు. ఆ వేగం లేనివాడికి ఆ గెడ ఇస్తే గోడని గుద్దినట్టే. మా మనవడు మొదటి రోజే పొడవైన బొంగు అందుకున్నాడు. డిపో ఆయన చెప్పినట్టు పొట్టిది ఇచ్చాను. అలిగాడు. పొడవైనది అడ్డం తిరిగి వాణ్ణి కూర్చోబెట్టాక ఆ అలక పోయింది.

బొంగుతో దూకడం వేరు. గుచ్చే క్షణంలో కింది చేతిని పైచేతి దాకా జరపాలి. ఫైబర్ గెడకి చేతులు ఎడంగానే ఉండాలి, అప్పుడే వంగుతుంది. కాబట్టి టీవీలో చూసింది చూసినట్టు బొంగుతో చెయ్యనివ్వకండి. పడే చోటు కూడా ముఖ్యం. మెత్తటి ఫోము పరుపులు లేని రోజుల్లో కాళ్ల మీదే దిగేవాళ్లు, వీపు మీద పడే వేషాలు అప్పుడు లేవు. మేం మిల్లు నుంచి ఊక తెప్పించి, కింద ఇసక పోసి, రెండు అడుగుల మందాన పరిచాం. ఒళ్లంతా దురద. గెడ గుచ్చే పెట్టె మాత్రం ఇటుకలతో కొలత ప్రకారం కట్టించాను: మీటరు పొడవు, చివర్న 20 సెంటీమీటర్ల లోతు. బద్ద రెండు మీటర్లు దాటి పెట్టనివ్వను. అంతకు మించి ఎగరాలంటే ఫైబరూ, పరుపూ, కోచ్ ఉండాల్సిందే.

డుప్లాంటిస్ కూడా ఇంటి వెనకాల వాళ్ల నాన్న వేసిన పిట్‌లోనే నేర్చుకున్నాడు, అమెరికాలోని లూసియానాలో. అది కూడా మనలాగే వరిచేలూ, చేలల్లోనే రొయ్యలాంటి జీవాల పెంపకమూ ఉన్న పల్లపు నేల. ఈ మాట మా మనవడికి చెప్పి తప్పు చేశాను. పరుపు ఎప్పుడు కొంటావని రోజూ అడుగుతున్నాడు.

ఇక డిపోలో నచ్చనివి. ఫోన్ ఎత్తరు, ఎన్నిసార్లు చేసినా అంతే. బిల్లు లేదు, లెక్క పెన్సిలుతో బొంగు మీదే రాస్తారు. సాయంత్రానికి పంపిస్తానన్న సరుకు మూడో రోజుకి వచ్చింది. నేను వెళ్లింది సంక్రాంతి ముందు. కనుమకి జగ్గన్నతోట తీర్థం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి భుజాల మీద మోసుకొచ్చే ప్రభలన్నిటికీ బొంగులు కావాలి. వాళ్ల ముందు నా మూడు గెడలు ఏపాటి! ఆ వారం మాత్రం వెళ్లకండి. మామూలు రోజుల్లో పొద్దున్నే, ఎండ ఎక్కకముందు వెళ్తే ఆయనే దగ్గరుండి ఏరి ఇస్తాడు. మధ్యాహ్నం ఉండే కుర్రాడికి చేతికొచ్చిందే బొంగు. ఆటోవాడు పద్నాలుగు అడుగుల బొంగు ఎక్కించుకోనన్నాడు, చివరికి ట్రాక్టర్ మీద వచ్చాయి.

వారం తిరక్కుండా ఒకటి మూడో కణుపు దగ్గర చీలింది. తీసుకెళ్లి చూపించాను. చీలిక వెంట వేలు పోనిచ్చి, "ఇది నా తప్పేనండీ, ఎండు చాల్లేదు" అని వేరేది ఇచ్చాడు. వాదన లేదు. స్పోర్ట్స్ షాపులో ఇలా జరుగుతుందని నేననుకోను.

పొడవైన బొంగు వాడు ఎదిగాక పనికొస్తుందని అటక మీద పెడదామనుకున్నాను. ఈలోగా మా ఆవిడ దాని కొసకి కొడవలి కట్టించింది. మునక్కాయలు బాగా అందుతున్నాయట.