కేయూ దగ్గర అమ్మే ‘ఫాసిజం – పాపులిజం’ స్పైరల్ నోట్స్: కొనాల్నా, వద్దా?

మాది పరకాల. కేయూ (వరంగల్ కాకతీయ యూనివర్సిటీ)ల ఎం.ఏ. పొలిటికల్ సైన్స్, తెలుగు మీడియం. ఫాసిజం (ఎదిరించినోళ్లను కొట్టి, ఎన్నికలు మూసేసే నియంత రాజకీయం), పాపులిజం (జనం పేరు చెప్పి పైనున్నోళ్లను తిట్టే రాజకీయం) మీద తెలుగుల మెటీరియల్ దొరుకుడే కష్టం. సీనియర్లు చెప్తే యూనివర్సిటీ దగ్గర ఒక జిరాక్స్ షాపుల ఈ నోట్స్ తీసుకున్న. 180 రూపాయలు. రాసినోళ్ల పేరు ఎక్కడా లేదు. “పరీక్షల ప్రశ్నలు ఇండ్లకెల్లే వస్తయి అక్కా” అన్నడు షాపాయన.

ఇటలీ చాప్టర్ మాత్రం మస్తుంది. 1919ల మిలాన్‌ల ముస్సోలినీ ఫాసిస్టు గుంపు కట్టిన కాడికెళ్లి, 1922ల రాజే పిలిచి ప్రధాని పదవి ఇచ్చేదాకా కథ లెక్క నడిపిచ్చిన్రు. పో నది మైదానంల భూస్వాముల పైసలతోని నల్లచొక్కాలోళ్లు (ముస్సోలినీ గూండాలు) రైతుకూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టిన్రు, నాయకులను పట్టుకొని బలవంతంగ ఆముదం తాగిపిచ్చిన్రు. జనం పేరు చెప్పుకునేటోళ్లు ఏ జనాన్ని కొట్టిన్రో రెండు పేజీలల్ల తెలిసిపోతది.

ఆ తర్వాత ఫాసిజాన్ని, పాపులిజాన్ని పోల్చే పట్టికతోనే పరేషాన్. ‘జనం మంచోళ్లు, పైనున్నోళ్లు దొంగలు’, ‘నాయకుడే జనం గొంతు’, ‘పత్రికలు శత్రువులు’ అని పోలికలన్నీ రాసిన్రు. అన్నీ కరెక్టే. తేడాలకు పట్టికల గడే లేదు. పరీక్షల రెండింటి సంబంధం చర్చించుమని అడిగితే రెండూ ఒకటేనని రాసి బయటికొస్తం.

తేడా తెల్వాల్నంటే ఎన్నికలల్ల ఓడినప్పుడు ఏం చేస్తరన్నది చూడాలె. అమెరికాల రైతుల పీపుల్స్ పార్టీ 1892ల రైల్వే కంపెనీలను, బ్యాంకులను తిట్టి 10 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకొని ఓడింది. నాలుగేండ్లకు డెమోక్రాట్ల అభ్యర్థికే మద్దతిచ్చి చివరికి కరిగిపోయింది. అర్జెంటీనా నాయకుడు పెరోన్ అంతకుముందు సైనికాధికారిగ ఇటలీల ఉండి ముస్సోలినీ పాలనను దగ్గరి నుంచి చూసినోడు. అయినా 1946ల ఓట్లతోనే గెలిచిండు. పత్రికలను తొక్కిండు, ప్రతిపక్ష నాయకుణ్ణి జైల్ల పెట్టిండు, ఎన్నికలు మాత్రం ఆపలే. 1983ల ఆయన పార్టీ ఓడి ప్రతిపక్షంల కూసుంది. అదే జర్మనీల 1933 జనవరిల హిట్లర్ ఛాన్సలర్ అయితే, జూలైకల్లా నాజీలు తప్ప ఇంకో పార్టీ లేదు. ఫాసిజం సరుకునే 1945 తర్వాత ఎన్నికలకు సరిపోయేటట్టు మార్చుకున్నది పెరోన్ రకం పాపులిజం అని చరిత్రకారుడు ఫింకెల్‌స్టైన్ వాదన. ఆ ముక్క ఇండ్ల లేదు. ఓటమిని ఒప్పుకోని పాపులిస్టు సంగతి కూడా లేదు. 2021 జనవరిల, ఓడిన ట్రంప్ తరఫున వాషింగ్టన్ క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మీద పడ్డ గుంపును చూసినంక ఇది రాయకుంటే ఎట్ల?

ఇండియా చాప్టర్ చదివితే కోపమొచ్చింది. 1983 నాటి కిలో 2 రూపాయల బియ్యాన్ని పాపులిజం అని, ఫాసిజానికి మొదటి మెట్టని రాసిన్రు. ఆకలికి బియ్యమిచ్చుడు మెట్టెట్లయితది? ఎన్టీఆర్‌ల పాపులిజం చూడాల్నంటే ఢిల్లీకి ఎదురు నిలబెట్టిన తెలుగు ఆత్మగౌరవం మాటల చూడాలె. ఆయన కూడా 1989ల కల్వకుర్తిల స్వయంగ ఓడి, హిందూపురం ఎమ్మెల్యేగ ప్రతిపక్షంల కూసున్నడు.

అచ్చు సంగతి: సగం తర్వాత మసక, జర్మనీ కాడ ఒక పేజీ రెండుసార్లు పడ్డది.

5కు రెండున్నర ఇస్త. కొత్తది కొనకున్రి. సీనియర్ల దగ్గర అడుక్కొని ఇటలీ చాప్టర్ ఒక్కటి జిరాక్స్ తీస్కోన్రి.